జయసింహ ఊళ్లో మైదానం నిలిచింది

సికింద్రాబాద్ పేరును క్రికెట్ లోకానికి చాటిన ఎం.ఎల్. జయసింహ కన్నుమూసి పాతికేళ్లు దాటింది. ఆయన ఆటను కళ్లారా చూసినవారు ఇప్పుడు తక్కువ. అయినా 2017లో జయసింహ పేరు మళ్లీ నలుగురి నోటా వినిపించింది. ఈసారి ఆటలో కాదు, ఒక మైదానం గురించిన కోర్టు వ్యవహారంలో.

జయసింహ 1939 మార్చి 3న సికింద్రాబాద్‌లో జన్మించారు. మారేడుపల్లిలోని ఆయన ఇల్లు క్రికెటర్లందరికీ పరిచయమైనది. 1954-55లో, పదిహేనేళ్ల వయసులో, హైదరాబాద్ జట్టు తరఫున రంజీ పోటీల్లో ఆంధ్ర జట్టుపై బరిలోకి దిగి 90 పరుగులు చేశారు. 1959లో ఇంగ్లండులోని లార్డ్స్ మైదానంలో మొదటి టెస్టు ఆడారు. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై అయిదు రోజులూ బ్యాటింగ్ చేశారు. ఒక టెస్టులో అలా చేసిన మొదటి ఆటగాడు ఆయనే.

అదే ఏడాది కాన్పూరులో పాకిస్తాన్‌పై ఎనిమిది గంటలకు పైగా నిలబడి, 99 పరుగుల వద్ద రనౌట్ అయ్యారు. 1968లో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో కబురు పంపితే హుటాహుటిన వెళ్లి, బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశారు. భారత్ 39 పరుగుల తేడాతో ఓడినా, ఆ ఆటను నేటికీ చెప్పుకుంటారు. మొత్తం 39 టెస్టుల్లో 2,056 పరుగులు, మూడు శతకాలు ఆయనవి.

హైదరాబాద్ జట్టుకు 16 సీజన్లు నాయకత్వం వహించారు. భారత జట్టు కెప్టెన్ పటౌడీ కూడా హైదరాబాద్‌కు ఆడేటప్పుడు ఆయన కిందే ఆడారు. ఇంత చేసినా రంజీ ట్రోఫీ మాత్రం ఆయన చేతికి అందలేదు. 1999 జూలై 6న మరణించారు.

ఇక మైదానం సంగతి. సికింద్రాబాద్ కంటోన్మెంటులో బైసన్ పోలో మైదానం ఉంది. రక్షణ శాఖ భూమి అది. పాత సచివాలయ భవనాలు వసతిగా లేవని, అగ్నిప్రమాద రక్షణ చాలదని చెప్పి, నాటి రాష్ట్ర ప్రభుత్వం 2017లో ఈ మైదానంలో కొత్త సచివాలయం కట్టదలచింది. భూమి ఇమ్మని కేంద్రాన్ని కోరింది.

చుట్టుపక్కల కాలనీల వారు ఒప్పుకోలేదు. పొద్దున నడకకు వచ్చే పెద్దలు, సాయంత్రం ఆడుకునే పిల్లలు ఎక్కడికి పోవాలని అడిగారు. ఉన్న రోడ్లపై రద్దీ పెరుగుతుందన్నారు. మాజీ క్రీడాకారులు వారితో కలిశారు. జయసింహ కుమారుడు, తానూ క్రికెటరే అయిన వివేక్ జయసింహ మరికొందరితో కలిసి హైకోర్టుకెక్కారు.

చివరకు ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది. 2019 జూన్ 27న హుస్సేన్ సాగర్ ఒడ్డున పాత సచివాలయం జాగలోనే శంకుస్థాపన జరిగింది. 2023 ఏప్రిల్ 30న అంబేద్కర్ పేరుతో ఆ భవనం ప్రారంభమైంది. ప్రభుత్వానికి కార్యాలయం దక్కింది, జనానికి మైదానం మిగిలింది.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాసులకు ఇది దూరపు ముచ్చట కాదు. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కార్యాలయాలు కావాలి, ఆస్పత్రులు కావాలి; వాటికి జాగా కావాలి. అలాంటప్పుడు ఊరి నడుమ ఖాళీగా కనిపించే బడి మైదానంపైనే ముందుగా చూపు పడుతుంది. భవనానికి మరోచోట వెతకవచ్చు. నడిచి వెళ్లి ఆడుకునే పిల్లవాడికి వేరే చోటు దొరకదు. పదిహేనేళ్లకే రంజీ ఆడిన జయసింహలాంటి వాడు మన బడిలోనూ ఉండవచ్చు. కాబట్టి మైదానం కొలతలు, హద్దులు, పట్టాదారు ఎవరన్నది గ్రామసభలోనో, మునిసిపల్ కార్యాలయంలోనో ఇప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది. పునాది తవ్వాక అడిగితే ఫలితం ఉండదు.