జనరల్ డీగాల్ - ఫ్రాన్సు అయిదవ రిపబ్లిక్కు

ప్రజాస్వామ్య దేశం తన రాజ్యాంగాన్ని సవరించుకోవడం సర్వసాధారణం. ఉన్నదానిని తొలగించి మరియొక దానిని వ్రాసుకోవడం మాత్రం అరుదు. ఫ్రాన్సుకు ఈ అలవాటు పాతది. 1791 మొదలుకొని ఆ దేశం పదికి పైగా రాజ్యాంగాలను చూచింది. వానిలో కడపటిదై నేటికీ అమలులోనున్న 1958 నాటి రాజ్యాంగానికి మూలపురుషుడు షార్ల్ డీగాల్. మన విద్యార్థులు పెక్కుమంది ఆయనను యుద్ధవీరునిగా మాత్రమే ఎరుగుదురు.

డీగాల్ 1890 నవంబరు 22న లిల్ నగరంలో జన్మించాడు. తండ్రి ఉపాధ్యాయుడు. సెయింట్ సిర్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొంది, మొదటి ప్రపంచ యుద్ధంలో పలుమార్లు గాయపడి, 1916లో వెర్డన్ వద్ద జర్మనులకు బందీగా చిక్కాడు. అయిదు పర్యాయాలు చెరనుండి తప్పించుకోజూచి విఫలుడయ్యాడు. 1921లో ఇవోన్‌ను వివాహమాడాడు. ముగ్గురు బిడ్డలలో కడగొట్టు కుమార్తె ఆన్ పుట్టుకతోనే బుద్ధి ఎదగని పిల్ల. పొడగరి, మితభాషి, గర్విష్ఠి అని పేరుపడిన ఆ సైనికుడు ఆ బిడ్డ దగ్గర మాత్రం పాటలు పాడుతూ ఆటలాడేవాడు.

1940 జూన్‌లో ఫ్రాన్సు ఓడిపోయింది. డీగాల్ లండను చేరి, రేడియో ద్వారా పోరాటం కొనసాగించవలసిందిగా పిలుపునిచ్చాడు. జూలై 10న విషీ పట్టణంలో సమావేశమైన పార్లమెంటు సభ్యులు 569 ఓట్లతో, కేవలం 80 మంది కాదన్నప్పటికీ, సర్వాధికారాలను మార్షల్ పెటైన్‌కు అప్పగించారు. కొత్త రాజ్యాంగం వ్రాసే అధికారం కూడ అందులోనిదే. ఆ రాజ్యాంగం ఎన్నడూ అమలుకు రాలేదు; 1870 నుండి సాగిన మూడవ రిపబ్లిక్కు మాత్రం అంతమైంది. ఆపత్కాలంలో నిర్ణయం తీసుకోగల అధిపతి లేనందువలననే ఈ దుర్గతి పట్టిందని డీగాల్ గాఢంగా నమ్మాడు. ఆయన తర్వాతి జీవితమంతా ఆ నమ్మకం చుట్టూ తిరిగింది.

విముక్తి అనంతరం ఆయన తాత్కాలిక ప్రభుత్వానికి నాయకుడైనాడు. 1945 అక్టోబరులో ఓటర్లు పాత రాజ్యాంగం వద్దని 96 శాతం మెజారిటీతో తేల్చిచెప్పారు. కాని కొత్తది ఎట్లుండవలెనన్న విషయంలో పార్టీలకూ ఆయనకూ పొసగలేదు. 1946 జనవరి 20న పదవి విడిచాడు. ఆ యేడు మే నెలలో మొదటి ముసాయిదాను ప్రజలు త్రోసిపుచ్చారు. జూన్ 16న బాయూ పట్టణంలో చేసిన ప్రసంగంలో డీగాల్ తన ప్రణాళికను వెల్లడించాడు: పార్టీలకు అతీతుడైన అధ్యక్షుడు, ఆయన నియమించే ప్రధాని. ఎవరూ చెవినిడలేదు. అక్టోబరులో రెండవ ముసాయిదా నెగ్గింది. సుమారు 90 లక్షల మంది ఔనన్నారు, 80 లక్షల మంది కాదన్నారు, మరో 80 లక్షల మంది ఓటే వేయలేదు. నాలుగవ రిపబ్లిక్కు పునాది అంత బలహీనం.

పన్నెండేండ్లలో ఇరవైకి పైగా మంత్రివర్గాలు మారాయి. అయినా ఆ రిపబ్లిక్కును అసమర్థమని కొట్టివేయడం న్యాయం కాదు. దేశం ఆర్థికంగా కోలుకొన్నది ఆ కాలంలోనే. మన తెలుగువారి యానాం పుదుచ్చేరితోపాటు భారత పాలనలోకి అధికారికంగా వచ్చింది 1954 నవంబరు 1న. చిత్రమేమనగా అల్జీరియాలో స్వాతంత్ర్య సమరం ఆరంభమైనది కూడ సరిగ్గా ఆనాడే. ఒకచోట సంతకంతో ముగిసిన వ్యవహారం రెండవచోట నెత్తురుతో ముగియవలసివచ్చింది.

ఆ నెత్తురే నాలుగవ రిపబ్లిక్కును ముంచింది. 1958 మే 13న అల్జీర్సులోని ఫ్రెంచి వలసవాసులు ప్రభుత్వ భవనాన్ని ఆక్రమించగా సైన్యం వారి పక్షం వహించింది. పారిస్ మీదికి సైన్యం దిగునేమోనన్న భయం పుట్టింది. అప్పుడు అందరి చూపు కొలంబే గ్రామంలోని డీగాల్ మీద పడింది. జూన్ 1న జాతీయసభ 329–224 ఓట్లతో ఆయనను ప్రధానిగా అంగీకరించింది. జూన్ 3న రాజ్యాంగ రచనాధికారం ఇస్తూ చట్టం చేసింది. ఇది 1940 వంటిదేనన్నవారు లేకపోలేదు. కాని ఈ చట్టం అయిదు నియమాలతో చేతులు కట్టింది: అధికారానికి మూలం సార్వజనిక ఓటు, శాసన కార్యనిర్వాహక శాఖల విభజన, మంత్రివర్గం పార్లమెంటుకు జవాబుదారీ కావడం, న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం, సముద్రాంతర ప్రజలతో సంబంధ నిర్ణయం. అన్నిటికీ మించి, తుది తీర్పు ప్రజలది. అయినను, తుపాకుల నీడలో ఇచ్చిన సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛా సమ్మతి అన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

న్యాయమంత్రి మిషెల్ దెబ్రే ఆధ్వర్యంలో ముసాయిదా మూడు మాసాలలో సిద్ధమైంది. సెప్టెంబరు 28న ఫ్రాన్సులో సుమారు 80 శాతం ఔనన్నారు. అల్జీరియా ముస్లిం స్త్రీలు మొట్టమొదటిసారి ఓటు వేసినది ఆనాడే. అది సైన్యం కనుసన్నలలో జరిగిన పోలింగు. ఆఫ్రికాలోని గినీ ఒక్కటి కాదన్నది, నాలుగు రోజులలో స్వతంత్రమైంది. దానికి శిక్షగా ఫ్రాన్సు తన ఉద్యోగులను, సాయాన్ని ఉపసంహరించుకొన్నది. ఇది ఆయన ఔదార్యానికి తగినది కాదు.

1959 జనవరిలో అధ్యక్షుడైన డీగాల్ తనను పిలిపించినవారి ఆశలకు విరుద్ధంగా 1962లో అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇచ్చాడు. యానాం, పుదుచ్చేరిల అప్పగింత ఒప్పందానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం లభించింది కూడ ఆ యేడే. ఆగస్టులో పారిస్ శివార్లలో ఆయన కారుపై తూటాలు కురిశాయి. బ్రతికి బయటపడి, అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకోవలెనని ప్రతిపాదించాడు. రాజ్యాంగంలోని 89వ అధికరణం ప్రకారం సవరణకు ముందుగా ఉభయ సభల సమ్మతి కావాలి. ఆయన దానిని దాటవేసి, 11వ అధికరణం ఆధారంగా తిన్నగా ప్రజల వద్దకు వెళ్ళాడు. తాను వ్రాయించిన నియమాన్ని తానే ప్రక్కకు పెట్టడం పెద్ద దుమారం లేపింది. జాతీయసభ మంత్రివర్గాన్ని పడగొట్టింది. ఆయన సభనే రద్దు చేశాడు. అక్టోబరు 28న 62 శాతం ఓట్లతో నెగ్గాడు. ప్రజలే తీర్పు చెప్పినదానిని విచారించే అధికారం తనకు లేదని రాజ్యాంగ మండలి తప్పుకొన్నది. నా దృష్టిలో అది అక్రమమే. ఆ ఏర్పాటును నాడు తీవ్రంగా నిరసించిన మిత్తెరాన్ 1981లో అదే పద్ధతిలో ఎన్నికై పదునాలుగేండ్లు పాలించడం వేరు కథ.

1969 ఏప్రిల్ 27న సెనేట్ సంస్కరణ, ప్రాంతీయ పాలన విషయమై మరొకసారి ప్రజలను అడిగాడు. ఓడిపోతే వైదొలగుతానని ముందే ప్రకటించాడు. 52 శాతం మంది కాదన్నారు. మరునాటి మధ్యాహ్నానికి పదవి విడిచాడు. ఏ నిబంధనా అందుకు ఆయనను నిర్బంధించలేదు. కొలంబే చేరి జ్ఞాపకాలు వ్రాసుకొంటూ 1970 నవంబరు 9న మరణించాడు. రాజలాంఛనాలు వద్దని, మంత్రులు రావద్దని, రాతిపై పేరు, సంవత్సరాలు తప్ప మరేమీ చెక్కవద్దని 1952లోనే వ్రాసిపెట్టాడు. ఆ గ్రామంలోని చిన్న శ్మశానంలో, ఇరవయ్యవ యేట చనిపోయిన కుమార్తె ఆన్ ప్రక్కన ఆయనను ఖననం చేశారు.