చరిత్రను నవలగా మలచిన మౌలానా షరర్

ఉర్దూలో చారిత్రక నవలకు శ్రీకారం చుట్టినవారు మౌలానా అబ్దుల్ హలీం షరర్. ఆయన 1860లో లక్నోలో జన్మించారు. అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోగొట్టుకుని కలకత్తా దగ్గరి మటియాబుర్జ్‌లో ఉండేవారు. షరర్ తండ్రి హకీం తఫజ్జుల్ హుసేన్ ఆయన కొలువులో పనిచేసేవారు. తొమ్మిదేళ్ల ప్రాయంలో షరర్ తండ్రి వద్దకు చేరి, అక్కడే అరబీ, ఫార్సీ నేర్చుకున్నారు.

లక్నో తిరిగి వచ్చాక పత్రికారంగంలో ప్రవేశించి, 1887లో 'దిల్‌గుదాజ్' మాసపత్రికను స్థాపించారు. ఆ రోజుల్లో వాల్టర్ స్కాట్ నవల 'టాలిస్మన్' చదివారు. శిలువ యుద్ధాల కథలో ముస్లిములను చిత్రించిన తీరు ఆయన మనసును నొప్పించింది. అయినా ఆయన దూషణకు దిగలేదు. నవలకు నవలతోనే జవాబిచ్చారు. 1888లో వెలువడిన 'మలికుల్ అజీజ్ వర్జినా' అలా పుట్టింది. మరచిపోయిన గతాన్ని సామాన్య పాఠకుల చేతికి అందించింది.

తరువాత ఆయన హైదరాబాద్ వచ్చి, ఫలక్‌నుమా కట్టించిన నవాబ్ వికారుల్ ఉమ్రా కొలువులో చేరారు. నేటి సిద్దిపేట కూడా అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. నవాబు కుమారునికి గురువుగా ఇంగ్లండు కూడా వెళ్లివచ్చారు.

షరర్ కేవలం పూర్వీకుల గొప్పలు చెప్పి ఊరుకోలేదు. 1899 నాటి 'ఫిర్దౌసె బరీఁ'లో అలమూత్ కోటను, అక్కడి కృత్రిమ స్వర్గాన్ని చూపించారు. ముర్షిద్ ఆజ్ఞ అంటూ విచక్షణ వదిలేసిన యువకుడు హంతకుడిగా మారడమే అందులోని కథ. మతం పేరిట మోసపోయేవారికి అది నేటికీ హెచ్చరికే. 'బద్రున్నిసా కీ ముసీబత్'లో కఠినమైన పర్దా వల్ల స్త్రీలు పడే బాధలను వివరించారు. స్వజనం ఆగ్రహిస్తారని తెలిసినా వెనుకాడలేదు.

ఆయన వీరులందరూ ఒకే మూసలో ఉంటారని విమర్శకులు అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే 1913 నుంచి లక్నో జీవితంపై రాసిన వ్యాసాలు, 'గుజిష్తా లఖ్‌నవూ'గా నేటికీ చరిత్రకారులకు ఆధారంగా ఉన్నాయి. భోజనం, దుస్తులు, సంగీతం, మర్యాదలు, పావురాల పందేలు కూడా అందులో చోటు చేసుకున్నాయి.

1926 డిసెంబరులో షరర్ కన్నుమూశారు. ఇతరులు మన గురించి తప్పుగా రాస్తే మెరుగైన రచనతో బదులివ్వాలి. మన ఇంట్లోని తప్పును మనమే ముందుగా చెప్పాలి. ఆయన ఈ రెండు పనులూ ఒకే కలంతో చేశారు. మన పిల్లలు చారిత్రక నవలలు ఇష్టంగా చదవాలి. ఆపైన చరిత్ర గ్రంథాలు కూడా తెరిచి, ఏది కథో, ఏది జరిగిందో తేల్చుకోవడం నేర్చుకోవాలి.