కన్యాశుల్కం 2.0: పదిహేడేళ్ల అప్‌డేట్

రోల్ ప్లేయింగ్ గేముల్లో ఒక విశేషం ఉంది. 2011లో వచ్చిన స్కైరిమ్ అమ్మకాలు 2023 నాటికి 6 కోట్ల కాపీలు దాటాయి. 2015 నాటి విచర్ 3 కూడా 5 కోట్లు దాటింది. గ్రాఫిక్స్ పాతబడినా జనం ఎందుకు కొంటున్నారు? గేమ్ డిజైన్‌లోకి వెళ్దామనుకునే భోగాపురం కుర్రాళ్లు జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. పక్కనే విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లుంది. ఆయన కన్యాశుల్కం నూరేళ్లు దాటినా పుస్తకాల షాపుల్లో దొరుకుతూనే ఉంది.

చీపురుపల్లి నుంచి సంస్థానానికి

గురజాడ 1862 సెప్టెంబరు 21న రాయవరంలో పుట్టారు. చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. తండ్రి పోయాక విజయనగరం చేరి, మహారాజా కాలేజీ ప్రిన్సిపల్ చంద్రశేఖర శాస్త్రి ఆదరణలో చదువుకున్నారు. గిడుగు రామమూర్తి ఆయన సహాధ్యాయి. మొదట్లో ఇంగ్లిష్‌లో కవిత్వం రాశారు. కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ అది మెచ్చుకుంటూనే, మాతృభాషలో రాయమని ప్రోత్సహించారు. 1886లో బీఏ అయ్యాక కొన్నాళ్లు గుమాస్తా పని చేసి, తర్వాత అదే కాలేజీలో లెక్చరర్ అయ్యారు.

ముందు డేటా

ఆడపిల్లలకు వెలకట్టి పెళ్లి చేసే ఆచారంపై మహారాజా ఆనంద గజపతి లెక్కలు తీయించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1,034 తేలాయి. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు! గురజాడ నాటకానికి పునాది ఈ సమస్యే. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది.

పాత్రల్లోనే ఆయుష్షు

సంస్కరణ నాటకాలు సాధారణంగా సమస్యతోపాటే పాతబడతాయి. ఇది పాతబడలేదు. ఎందుకంటే ఇందులో అందరూ ఏదో ఒక వేషంలోనే ఉంటారు. గిరీశం వెంకటేశానికి మాస్టారు, బుచ్చమ్మకి సంస్కర్త, పూటకూళ్లమ్మ దగ్గర ఇంకో మనిషి. కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఏకంగా లుబ్ధావధానులకి పెళ్లికూతురిగా అమ్మేస్తాడు! మంచి రోల్ ప్లేయింగ్ గేమ్‌లోనూ ఇంతే కదా. ఎవరితో ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతావన్నదాన్ని బట్టి కథ తిరుగుతుంది. ఫైట్ సీన్ ఒకసారి చూస్తే అయిపోతుంది, మనిషిని మాత్రం ప్రతిసారీ కొత్తగా చదవొచ్చు.

వెర్షన్ 2

నాటకం పేరు తెచ్చుకుంది కాబట్టి అక్కడితో వదిలేయొచ్చు. గురజాడ వదల్లేదు. ఆనంద గజపతి 1897లోనే చనిపోయారు. ఆ తర్వాత రీవా మహారాణికి కార్యదర్శిగా, సంస్థానం వారసత్వ దావా పనుల్లో తలమునకలై ఉన్నారు. ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. అయినా నాటకాన్ని దాదాపు మళ్లీ రాసి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఐదంకాలు ఏడయ్యాయి. మధురవాణి పాత్ర బాగా పెరిగి, కథని నడిపించే శక్తి అయింది. ఈ రోజు మనం చదివేది ఈ కూర్పునే. తొలి ప్రదర్శన నుంచి లెక్కేస్తే పదిహేడేళ్ల అప్‌డేట్.

2020 డిసెంబరులో బగ్గులతో విడుదలై ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తొలగించబడ్డ సైబర్‌పంక్ 2077, 2023లో 2.0 అప్‌డేట్‌తో తలెత్తుకుంది. అది దెబ్బతిన్నాక చేసిన మరమ్మతు. గురజాడది మెప్పు పొందాక చేసిన పని. ఇది ఇంకా కష్టం.

మన భాషే మన ఇంజిన్

ఈ నాటకంలో జనం మాట్లాడే తెలుగే, అదీ మన ఉత్తరాంధ్ర యాసతో వినిపిస్తుంది. పండితులు ఒప్పుకోలేదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వ్యావహారిక భాష తరఫున తన అసమ్మతిని వివరంగా రాసిచ్చారు. ఆ గెలుపు చూడకుండానే 1915 నవంబరు 30న, 53 ఏళ్లకే కన్నుమూశారు. తర్వాత పాఠకులే ఆయన్ని గెలిపించారు. 1955లో ఎన్టీఆర్, సావిత్రిలతో సినిమా వచ్చింది. 2007లో వెల్చేరు నారాయణరావు ఇంగ్లిష్ అనువాదం అమెరికాలో అచ్చయింది.

విచర్ కూడా పోలండ్ రచయిత కథల్లోంచి పుట్టిందే. మీ పోర్ట్‌ఫోలియోకి డ్రాగన్లే అక్కర్లేదు. మీ ఊరి సంతలో పది మంది మాటతీరు గమనించి, రెండు పాత్రల సంభాషణ రాయండి. ఎదుటి మనిషి మారితే జవాబు మారాలి. చిన్న డెమో చేసి నలుగురితో ఆడించండి. వాళ్లు బాగుందన్న తర్వాత కూడా మళ్లీ తెరిచి దిద్దండి.