శ్రీహరికోట సారథి: ఆచార్య సతీష్ ధావన్

పల్లకి మోసే బోయీలందరూ అడుగు కలిపి నడిస్తేనే పల్లకి ఊరు చేరుతుంది. మహాకార్యాలూ అంతే. ఎవరి భుజాన ఏ బరువుండాలో నిర్ణయించేవాడు నాయకుడు. ఒక భుజం కుంగిన నాడు ఆ బరువును తానందుకొనేవాడు ఉత్తమ నాయకుడు. మన నెల్లూరు సీమ సముద్రతీరంతో పేరు ముడివడిన ఆచార్య సతీష్ ధావన్ అట్టి ఉత్తముడు.

ఆయన 1920 సెప్టెంబరు 25న శ్రీనగరంలో జన్మించారు. లాహోరులో గణిత, భౌతిక శాస్త్రాలతోపాటు ఆంగ్ల సాహిత్యాన్ని, యంత్రనిర్మాణ విద్యను అభ్యసించారు. అమెరికాలో 1951లో డాక్టరేటు పొంది బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థలో చేరారు. 1962లో దానికి సంచాలకులైనారు.

1971 డిసెంబరు 30న విక్రం సారాభాయి ఆకస్మికంగా కన్నుమూశారు. ఆ సంవత్సరమే అక్టోబరులో శ్రీహరికోట నుండి తొలి రాకెట్టు ఎగిరింది. 1972లో అంతరిక్ష పరిశోధనా సంస్థ బాధ్యత ధావన్ గారిని వరించింది. విజ్ఞాన సంస్థలో తన పదవిని వదలననీ, ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉండాలనీ ఆయన రెండు నియమాలు పెట్టారు. ప్రభుత్వం అంగీకరించింది.

నలభై కిలోల తరగతి ఉపగ్రహాన్ని స్వదేశీ వాహనంతో కక్ష్యలో నిలపాలన్నది ఆనాటి లక్ష్యం. తిరువనంతపురంలో చెదరియున్న విభాగాలు ఒకే కేంద్రంగా ఏర్పడగా, దానికి లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్ అధిపతి అయ్యారు. వాహన నిర్మాణ సారథ్యం అబ్దుల్ కలాం గారికి లభించింది. ఆ వాహనం పేరు ఎస్.ఎల్.వి.–3, పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, దశలు నాలుగు. ఏ దశలో ఏ చిన్న భాగం విఫలమైనా మొత్తం ప్రయత్నమే వ్యర్థం. కనుక ప్రతి విభాగానికీ తన పని ఎంత ముఖ్యమో, పక్కవాని పనీ అంతే ముఖ్యం.

1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఆ వాహనం కొద్ది నిమిషాలలోనే బంగాళాఖాతంలో కూలింది. కంప్యూటరు వారించినా ప్రయోగానికి అనుమతించినది తానేనని కలాం గారే అనంతర కాలంలో చెప్పారు. అయినా ఆనాడు విలేఖరుల ఎదుట నిలిచినది ధావన్ గారు. ఎవరినీ వేలెత్తి చూపక వైఫల్యాన్ని తన తలపై వేసుకొన్నారు. సహచరుల సామర్థ్యంపై తన విశ్వాసాన్ని ప్రకటించారు.

నింద భయం తొలగినచోట లోపం దాగదు. లోపాన్ని వెదకి సవరించిన ఆ బృందమే 1980 జూలై 18న 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది. ఆ ఘనత సాధించిన కొద్ది దేశాల సరసన మన దేశమూ చేరింది. ఆనాడు విలేఖరుల ముందుకు వెళ్లవలసినదిగా ధావన్ గారు కలాం గారినే పురమాయించి, తాము వెనుక నిలిచారు.

1984లో అధ్యక్ష పదవి నుండి విరమించిన పిమ్మట పక్షుల గమనాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించి గ్రంథం వెలువరించారు. 2002 జనవరి 3న అస్తమించారు. ఆ ఏడే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. నాడు నెల్లూరు జిల్లాలోనిదైన ఆ దీవి 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినా, ఆ పేరు చెక్కుచెదరలేదు.

విద్యార్థులారా! క్రీడాజట్టుకో, సంఘానికో, రేపు ఒక కార్యాలయానికో మీరు నాయకులు కావచ్చు. గెలిచిన నాడు ముందు వరుసలో నిలవడం ఎవరికైనా సులభమే. ఓడిన నాడు మీరెక్కడ నిలుస్తారో మీ సహచరులు గమనిస్తూనే ఉంటారు.