నటీమణి సూర్యకాంతము

మంచివారి వేషము వేసి మంచివారని పేరు పొందుట సులభము. చెడ్డవారి వేషము వేసి, లోకమంతయు తన్ను చెడ్డదానినిగా తలచుచున్నను, మనస్సును మంచితనమునుండి చలింపనీయక నిలుపుట కష్టము. అట్టి కష్టమైన మార్గమున నలువది సంవత్సరములకు పైగా నడచిన నటీమణి సూర్యకాంతము. గయ్యాళి అనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది ఆమె పేరే. కాని ఆమె జీవితమును ఎరిగినవారికి జ్ఞప్తికి వచ్చునది వేరు. ఆ రెండింటి నడుమ గల భేదమును తెలిసికొనుటయే ఆమె చరిత్రమును చదువుటవలన కలుగు ప్రయోజనము.

పూర్వము మన నాటకరంగమున స్త్రీ పాత్రములను పురుషులే ధరించుచుండిరి. స్థానము నరసింహారావు వంటి మహానటులు స్త్రీ వేషములచేతనే కీర్తి గడించిరి. గృహిణులు రంగస్థలమెక్కుట తగదని లోకము భావించుచుండెను. పట్టుచీరలకు ప్రసిద్ధి చెందిన ధర్మవరమున 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందెను. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ. తాడిపత్రిలో 1880లో పుట్టిన ఈ మహానటుడు, స్త్రీ పాత్రములను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, చదువుకొన్న స్త్రీలను రంగస్థలమునకు ఆహ్వానించెను. ఆయన 1946లో కాలధర్మము నొందెను. మన సీమలోని ఇట్టి పెద్దల కృషిచే బాట కొంత చక్కబడెను. ఐనను ఆ దినములలో సామాన్య కుటుంబమునకు చెందిన బాలిక నటవృత్తిని చేపట్టుటకు మిక్కిలి ధైర్యము కావలసియుండెను. రాఘవ మరణించిన ఆ సంవత్సరముననే చలనచిత్రములలో తొలిసారి కనిపించిన సూర్యకాంతమునకు ఆ ధైర్యము పుష్కలముగా ఉండెను.

సూర్యకాంతము 1924వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన కాకినాడకు సమీపమునందలి వెంకటకృష్ణరాయపురమున జన్మించెను. తల్లిదండ్రులకు ఆమె పదునాల్గవ సంతానము. బాల్యముననే ఆమెకు పాటయందును, ఆటయందును ఆసక్తి కలిగెను. చలనచిత్రముల ప్రకటన పత్రములను చూచి, తానును తెరపై కనిపింపవలెనని ఉవ్విళ్ళూరెను. ఆ కోరికతోనే ఆమె చెన్నపట్టణము చేరెను. ఆ కాలమున తెలుగు చిత్రములు కూడ ఎక్కువగా అచటనే నిర్మింపబడుచుండెను.

చెన్నపట్టణము ఆమెకు వెంటనే పెద్దపీట వేయలేదు. జెమినీ సంస్థలో స్వల్ప వేతనమునకు నర్తకిగా చేరి, ఆ సంస్థవారి ప్రసిద్ధ చిత్రమైన చంద్రలేఖలో నృత్యబృందమున ఒకతెగా నుండెను. గుంపులో నిలిచిన ముఖమును ఎవరు గుర్తింతురు? 1946లో వెలువడిన నారద నారది చిత్రమున ఆమెకు ఒక చిన్న వేషము లభించెను. 1949లో వచ్చిన ధర్మాంగదలో ఆమె ధరించినది మూగపాత్ర. తరువాతి కాలమున ఏ నటి నోరు విప్పిన ఇల్లంతయు దద్దరిల్లునో, ఆ నటికి ఆరంభ దశలో లభించినది మాటయే లేని వేషమగుట వింతగా లేదా?

చిత్రరంగమున అడుగిడిన ప్రతి యువతివలెనే ఆమెయు నాయిక కావలెనని కోరుకొనెను. సౌదామిని అను చిత్రమున ఆ అవకాశము చేతికందెను. అంతలో ఒక మోటారు ప్రమాదమున ఆమె ముఖమునకు గాయమయ్యెను. నాయిక వేషము చేజారెను. ఆ కాలపు నటికి ముఖమే మూలధనము. ఆ మూలధనమునకే దెబ్బ తగిలినపుడు మరియొకరైనచో నిరాశచెంది ఇంటిదారి పట్టియుందురు. ఆమె మాత్రము అధైర్యపడలేదు. లభించిన వేషమునే స్వీకరించి నిలిచియుండెను.

ఆమె మనస్సు ఎట్టిదో తెలుపు ఘట్టము మరియొకటి కలదు. బొంబాయి నగరమునకు చెందిన ఒక నిర్మాత తన హిందీ చిత్రమున ఆమెకు నాయిక పాత్ర నొసగుటకు ముందుకు వచ్చెను. చిరకాలవాంఛ తీరు సమయము వచ్చినదని ఆమె సంతోషించెను. కాని ఆ పాత్రకు మొదట వేరొక నటిని నిర్ణయించి, పిమ్మట ఆమెను తొలగించి తన్ను తీసికొనుచున్నారని సూర్యకాంతమునకు తెలిసెను. వేరొకరి కన్నీటిపై తన సంతోషమును నిర్మించుకొనుటకు ఆమె మనస్సు అంగీకరింపలేదు. ఆ అవకాశమును వదలుకొనెను. కోరని మేలు వదలుట గొప్పకాదు. అహర్నిశలు కోరిన మేలును, న్యాయము కాదని ఎంచి వదలుట గొప్ప. ఆ త్యాగమునకు ఆ దినమున మెప్పు లభింపలేదు, బహుమానము లభింపలేదు. మరల నాయిక కాగల అవకాశమును ఆమెకు రాలేదు.

1950లో ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వమున సంసారము అను చిత్రము వెలువడెను. అందు ఆమెకు గయ్యాళి పాత్ర నిచ్చిరి. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియారు సంవత్సరములు మాత్రమే. ఆ ప్రాయమున అత్తవేషము వేయుటకు సామాన్యముగా ఏ నటియు ఇష్టపడదు. ఒకసారి వేసినచో మరల చిన్న వేషములు రావను భయము ఉండును. సూర్యకాంతము సంకోచింపక ఆ పాత్రమును ధరించి, ప్రేక్షకులను ఆశ్చర్యచకితులను గావించెను. ఆ దినమునుండి తెలుగు తెరపై అత్తగారి పీఠము ఆమెదే అయ్యెను. ఆ సంవత్సరముననే ఆమెకు న్యాయశాస్త్రవేత్తయైన పెద్దిభొట్ల చలపతిరావుతో వివాహమయ్యెను. వారు ఒక బాలుని దత్తత చేసికొని పెంచుకొనిరి.

గయ్యాళితనమును నటించుట కేవలము కేకలు వేయుట కాదు. కేకలు మాత్రమే వేసినచో ప్రేక్షకులు చెవులు మూసికొందురు. ఆమె తిట్టుచున్నపుడు ప్రేక్షకులకు కోపమును, నవ్వును ఒక్కసారిగా కలుగుచుండెను. కంఠమును ఎప్పుడు హెచ్చింపవలెనో, ఎప్పుడు దించి దీర్ఘము తీయవలెనో, ఏ మాటయొద్ద ఆగి ఓరచూపు చూడవలెనో ఆమెకు బాగుగా తెలియును. ఎడమచేతిని త్రిప్పుచు మాటాడుట ఆమెకు ప్రత్యేకమైన అలవాటు. ఆ చేయి కదలుటతోనే చిత్రశాలలో నవ్వులు వినవచ్చుచుండెను. ఆమె పలుకు గోదావరి ప్రాంతపు పలుకు. మన రాయలసీమ యాస వేరు. ఐనను హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మొదలగు పట్టణములలోని ప్రేక్షకులకు ఆమె పరాయిదానివలె తోచలేదు. ఏలన, అట్టి అత్త లేని ఊరు ఏ సీమయందును లేదు.

ఆ కాలమున కోడండ్రలో పెక్కుమంది మాటాడ నోరులేనివారు. పుట్టినింటికి చెప్పుకొన సిగ్గు, మెట్టినింట చెప్పుకొన భయము. అట్టివారు చిత్రశాలలో కూర్చుండి, తెరపై గయ్యాళి అత్తకు బుద్ధి వచ్చుట చూచినపుడు, వారి మనోభారము కొంత తగ్గుచుండెను. అత్తలకును తమ ప్రతిబింబము కనిపించుచుండెను. సంసారమునందలి కలతలకెల్ల అత్తయే కారణమనుట న్యాయము కాదని కొందరు ఆక్షేపింపవచ్చును. అది సత్యమే. 1958లో సూర్యకాంతము నటించిన ఒక చిత్రమునకు అత్తా ఒకింటి కోడలే అని పేరు. ఒకనాడు బాధపడిన కోడలే మరియొకనాడు బాధించు అత్త యగుచున్నదని ఆ పేరే తెలుపుచున్నది.

ఆమె ధరించిన పాత్రములన్నియు ఒకే తీరువి కావు. 1957లో వచ్చిన తోడికోడళ్ళు చిత్రమున కలిసియున్న సంసారమును చీల్చు తోడికోడలుగా నటించెను. ఆ సంవత్సరముననే వెలువడిన మాయాబజారులో ఘటోత్కచుని తల్లియైన హిడింబి పాత్రమును ధరించెను. అందు రాక్షసియైనను ఆమె వాత్సల్యము గల మాతృమూర్తి. ఘటోత్కచ పాత్రధారియైన ఎస్. వి. రంగారావు వయస్సున ఆమెకంటె ఆరు సంవత్సరములు పెద్దవాడు. పెద్దవానికి తల్లిగా నటించి, చూచువారికి ఆ సందేహమే రానీయకుండుట ఆమె ప్రజ్ఞ.

1962లో విజయా సంస్థవారు గుండమ్మకథ అను చిత్రమును నిర్మించిరి. దాని మాతృక మనకు పొరుగుభాషయైన కన్నడమునందలిది. అందు ఎన్. టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున నాయికా నాయకులు. అట్టి మహానటులు నలుగురుండగా, చిత్రమునకు మాత్రము సూర్యకాంతము ధరించిన గుండమ్మ పాత్ర పేరే పెట్టబడెను. గుండమ్మ సవతి కూతురిని పనికత్తెగా చూచును. కన్నకూతురిని గారాబము చేయును. తుదకు తాను బాధించిన సవతి కూతురే తన్ను ఆదుకొనును. గుండమ్మ దుర్మార్గురాలు కాదు; చెప్పుడు మాటలు విను అమాయకురాలు. ఆ సూక్ష్మ భేదమును గ్రహించి నటించుటవలననే ప్రేక్షకులు గుండమ్మను ద్వేషింపక, ఆమెపై జాలిపడిరి.

గుండమ్మకు అల్లుడుగా నటించిన రామారావునకు పిమ్మటి కాలమున మన ప్రాంతముతో గాఢమైన సంబంధ మేర్పడెను. ఆయన హిందూపురము నియోజకవర్గమునుండి 1985, 1989, 1994 సంవత్సరములలో శాసనసభకు ఎన్నికయ్యెను. అందుచే మన ప్రాంతమువారికి గుండమ్మ కథ మరింత ఆత్మీయమైనది.

ఇట్టి కీర్తికి ఆమె చెల్లించిన మూల్యము స్వల్పమైనది కాదు. సూర్యకాంతము అనునది సూర్యుని కిరణము సోకినంతనే ప్రకాశించు మణి పేరు. అంతటి చక్కని పేరును తమ బిడ్డలకు పెట్టుకొనుటకు తెలుగువారు వెనుదీయసాగిరి. కోపిష్ఠియైన స్త్రీని సూర్యకాంతమని పిలుచుట వాడుకయయ్యెను. తన పేరే తిట్టుపదమగుటకంటె ఏ మనిషికైనను బాధ యేమి కలదు? ఐనను ఆమె ఆ వేషములను విడువలేదు. ప్రజలు తన్ను ద్వేషించుచున్నారనగా తన నటన సఫలమైనదని గ్రహించి, ఆ నిందనే మెప్పుగా స్వీకరించెను.

తెరవెనుక సూర్యకాంతము వేరు. ఆమె వంట చేయుటయందును, వండినదానిని పదిమందికి పెట్టుటయందును ఆసక్తి గలది. చిత్రీకరణ జరుగు చోటికి ఇంటినుండి పిండివంటలు తెచ్చి, తోటి నటులకు కొసరి కొసరి వడ్డించుచుండెను. తెరపై కోడలికి పట్టెడన్నము పెట్టని అత్త, తెరవెనుక పరాయివారికి కడుపునిండ పెట్టు తల్లి. సాధుస్వభావుడైన నాగయ్యను కథానుసారము తిట్టవలసివచ్చినపుడు, ఆ ఘట్టము ముగిసిన వెంటనే ఆయన పాదములకు మ్రొక్కి మన్నింపుమని వేడుకొన్నదని చెప్పుకొందురు.

ఆమె వందలకొలది చిత్రములలో నటించెను. రేలంగి, రమణారెడ్డి, ఎస్. వి. రంగారావు వంటి నటులతో ఆమె పోటీపడి నటించిన ఘట్టములను పెద్దలు నేటికిని తలచుకొని నవ్వుకొందురు. తిరుపతిలోని మహిళా విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరేటు నొసగి సత్కరించెను. తుదివరకు ఆమె నటన మానలేదు. 1994వ సంవత్సరమున వెలువడిన చిత్రమునందు కూడ ఆమె కనిపించెను. ఆ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, హిందూపురము ప్రజలు ఎన్నుకొన్న రామారావు మరల ముఖ్యమంత్రి పదవిని స్వీకరించెను. ఆరు దినములు గడచిన పిమ్మట, డిసెంబరు 18వ తేదీన, తెరపై ఆయన అత్తగారైన సూర్యకాంతము చెన్నపట్టణమున కన్నుమూసెను. అప్పటికి ఆమెకు డెబ్బది సంవత్సరములు నిండియుండెను.

ఆమె వేసిన బాటలో హాస్యమును పోషించిన నటీమణులు పెక్కుమంది. వారిలో రమాప్రభ మన సమీపమునందలి కదిరి పట్టణమున పుట్టినది. నేడు దూరదర్శనమున ప్రతిదినము ఇంటింట కనిపించు ధారావాహికలలోని గయ్యాళి అత్తల కెల్ల మూలపుటమ్మ సూర్యకాంతమే. కాని వేషమును అనుకరించుట తేలిక; ఆ వేషము వెనుకనున్న గుణమును అలవరచుకొనుట కష్టము.

బాలబాలికలారా! లోకము మనిషిని పైమాటనుబట్టి, పైవేషమునుబట్టి నిర్ణయించుచుండును. పాఠశాలలోను, వీధిలోను మీరును అట్లు నిర్ణయించు సందర్భములు కలుగును. కఠినముగా మాటాడువారెల్ల కఠినులు కారు. తీయగా మాటాడువారెల్ల సజ్జనులు కారు. తనకు దక్కవలసిన గొప్ప అవకాశమును, వేరొకతె కన్నీరు కార్చునని తలచి వదలుకొన్న దినమున సూర్యకాంతమును చూచినవారు లేరు, చప్పట్లు చరచినవారు లేరు. మనిషి గుణము తేలునది అట్టి దినముననే.