అంచుల్ని కాపాడినవారికి అభినందన

1956 ఏప్రిల్ 10న న్యూయార్క్‌లో ‘సెవెన్ వండర్స్ ఆఫ్ ది వరల్డ్’ అనే సినీరామా యాత్రాచిత్రం విడుదలైంది. 2026 ఏప్రిల్‌తో దానికి డెబ్బై ఏళ్లు నిండాయి. మన ఇళ్లలో పెద్దాయనకు డెబ్బై వస్తే భీమరథ శాంతి చేయిస్తాం. పిల్లలూ మనవలూ చుట్టూ చేరతారు, కొత్త బట్టలు పెట్టి కాళ్లకు దండం పెడతారు. సినిమాకు ఆ వేడుక ఎవరు చేయాలి? తీసినవాళ్లు వెళ్లిపోయారు. ఆడిన హాళ్లలో చాలావాటి ఆనవాళ్లు లేవు. తొలి విడుదలలో చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అయినా బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక మామూలు ఫ్లాటులో సోఫా మీద కూర్చుని, ఆ చిత్రాన్ని ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఇప్పుడు చూడగలుగుతున్నాం. ఆ భాగ్యం కలిగించినవారికి డెబ్బయ్యో ఏడు పేరున చెబుతున్న అభినందనలివి.

సినీరామా ఫ్రెడ్ వాలర్ ఊహ. మనిషి కన్ను ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే చూసి ఊరుకోదు, పక్కలనుంచి కూడా లోకాన్ని పోగుచేసుకుంటుంది. మనం ఒక చోట ఉన్నామన్న నమ్మకం ఆ పక్కచూపు వల్లే కలుగుతుంది. వాలర్ ఈ సంగతిని పట్టుకున్నాడు. ఒకే కెమెరాలో మూడు లెన్సులు పెట్టి, మూడు 35 మి.మీ. ఫిల్ముల మీద ఒకేసారి దృశ్యాన్ని ఎక్కించాడు. మూడూ కలిస్తే 146 డిగ్రీల చూపు. మామూలు సినిమా సెకనుకు 24 ఫ్రేములైతే ఇది 26. ఫ్రేము ఎత్తు కూడా ఎక్కువే: ఫిల్ము అంచున నాలుగు రంధ్రాల మేర ఉండాల్సింది ఆరు రంధ్రాల మేర ఉంటుంది. హాల్లో మూడు గదుల్లో మూడు ప్రొజెక్టర్లు. ఎడమవైపుది తెర మీద కుడి భాగాన్నీ, కుడివైపుది ఎడమ భాగాన్నీ చూపేవి. తెర ఒక్క గుడ్డ కాదు. నిలువు పట్టీలను వరుసగా బిగించి వంపు తిప్పినది. ఒక కొస మీద పడిన వెలుతురు రెండో కొస మీదికి చిమ్మి బొమ్మను వెలవెలబోనివ్వకుండా చేసిన ఏర్పాటు అది. హాజర్డ్ రీవ్స్ అమర్చిన శబ్దానికి ఏడు మార్గాలు. ‘దిస్ ఈజ్ సినీరామా’ 1952 సెప్టెంబర్ 30న బ్రాడ్‌వేలో మొదలైంది. టీవీ పెట్టె దెబ్బకు ఇంటిపట్టున ఉండిపోతున్న అమెరికా జనాన్ని అది మళ్లీ హాలుకు రప్పించింది.

సినీరామాకు కథల కంటే ముందు యాత్రలే ఎందుకు దక్కాయో ఆ కెమెరాయే చెబుతుంది. ముఖాన్ని దగ్గరగా చూపడం దాని వల్ల కాదు. ఇద్దరు నటులు ఎదురెదురుగా మాట్లాడుకుంటూ వేర్వేరు ముక్కల్లో పడితే, ఒకరి చూపు మరొకరికి అందనట్టు కనిపిస్తుంది. కొండకూ నదికీ గుడికీ ఆ ఇబ్బంది లేదు. అందుకే 1950లలో సినీరామా లోకం చుట్టింది. మొదటి చిత్రం తర్వాత ‘సినీరామా హాలిడే’, ‘సెవెన్ వండర్స్’, ‘సెర్చ్ ఫర్ ప్యారడైజ్’, ‘సౌత్ సీస్ అడ్వెంచర్’ వరుసగా వచ్చాయి. వీటిలో రెండు మన వైపు వచ్చాయి. 1957 నాటి ‘సెర్చ్ ఫర్ ప్యారడైజ్’ కాశ్మీరునూ సింహళాన్నీ నేపాల్ రాజు మహేంద్ర పట్టాభిషేకాన్నీ చూపింది. అంతకు ముందే ‘సెవెన్ వండర్స్’ తాజ్‌మహల్ ముందు నిలబడింది, డార్జిలింగ్ రైలెక్కింది.

కె.ఆర్.పురం రైలూరు. డీజిల్ షెడ్డు ఇక్కడే ఉంది. పట్టాల మీదుగా వేసిన తీగల వంతెన ఊరికే గుర్తు. ఈ ఊరివాళ్లకు ఆ డార్జిలింగ్ ఘట్టం వేరుగా రుచిస్తుంది. రెండడుగుల గేజి మీద 1881 నుంచి నడుస్తున్న ఆ బొమ్మరైలు కొండ దిగుతూ అదుపు తప్పినట్టు హాస్యంగా తీశారు. రైలుశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లతో కలిసి చూస్తే, నవ్వు కంటే ముందు “బ్రేకు వేసేవాడు ఏడీ?” అన్న ప్రశ్న వస్తుంది. సినిమావాళ్ల తమాషాను పనివాడి కన్ను ఒక పట్టాన ఒప్పుకోదు.

అభినందన వ్యాసం కదా అని ఒక మాట దాచనక్కర్లేదు. లోవెల్ థామస్ వ్యాఖ్యానంతో సాగే ఈ యాత్ర ఆనాటి అమెరికా చూపు. తూర్పుదేశాలు దానికి ఒక వింతల సంత. విమానమెక్కి వచ్చినవాడు ఎదురుగా ఉన్న గోపురాన్నో నాట్యాన్నో చూసి అబ్బురపడి, మళ్లీ విమానమెక్కి వెళ్లిపోతాడు. అయితే కెమెరా ఆ వ్యాఖ్యాత అదుపాజ్ఞల్లో సగమే ఉంటుంది. 146 డిగ్రీల కంటికి ‘నువ్వు పక్కకు జరుగు’ అని ఎవరికీ చెప్పడం కుదరదు. పక్క అనేదే దానికి లేదు. చిత్రం తీసేవాళ్లే ఫ్రేములో పడకుండా కెమెరా వెనక నక్కాల్సి వచ్చేది. నడుమ ముక్కలో దర్శకుడు కోరినది ఉంటుంది. రెండు పక్కల ముక్కల్లో ఆ రోజు అక్కడ ఉన్నది ఉంటుంది. డెబ్బై ఏళ్ల తర్వాత విలువ పెరిగింది ఆ పక్కలకే. తాజ్‌మహల్‌ను ఇవాళ కూడా చూడొచ్చు. దాని పక్క నుంచి 1950లలో నడిచిపోయినవాడు మాత్రం ఆ ఫిల్ములో తప్ప ఎక్కడా దొరకడు.

దురదృష్టం, మొదట పోయేవి ఎప్పుడూ అంచులే. 1960ల నడిమికి మూడు ప్రొజెక్టర్ల ఖర్చు భారమై, ఒకే 70 మి.మీ. ఫిల్ముతో సినీరామా పేరు చలామణీ అయింది. పాత మూడు ఫిల్ముల చిత్రాలు డబ్బాల్లోకి వెళ్లాయి. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఛాయ ముందు వెలిసిపోతుంది. ఆకాశమూ అడవీ మనిషీ అన్నీ ఎర్రబారిపోతాయి. టీవీ వచ్చాక వెడల్పు సినిమాలన్నిటికీ మరో గండం. చదరపు పెట్టెలో పట్టేటట్టు రెండు పక్కలా కోసి నడుమ చూపేవారు. అంచు కత్తిరించిన పట్టుచీర కూడా ఒంటిమీద నిలుస్తుంది. కాని నేతగాడి పనితనమంతా అంచులో ఉన్నప్పుడు మిగిలినదాన్ని ఏమని మెచ్చుకోవాలి?

ఆ అంచుల్ని తిరిగి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు డేవిడ్ స్ట్రోమేయర్. వృత్తిరీత్యా హాలీవుడ్ ఎడిటర్. మొదట సినీరామా చరిత్ర మీద ‘సినీరామా అడ్వెంచర్’ అనే డాక్యుమెంటరీ 2002లో తీశాడు. కథ చెప్పి ఊరుకోకుండా, కథానాయకులైన చిత్రాల్నే బతికించే పనికి టామ్ మార్చ్‌తో కలిసి దిగాడు. ‘దిస్ ఈజ్ సినీరామా’ షష్టిపూర్తి ఏడాది 2012లో ఫ్లికర్ ఆలీ సంస్థ ద్వారా బ్లూ-రేగా వచ్చింది. ‘సెవెన్ వండర్స్’ 2014లో వచ్చింది.

ఆ పని ఎంతటిదో చిన్న లెక్కలో తేలుతుంది. సెకనుకు 26 ఫ్రేములు, మూడు ఫిల్ములు. అంటే సెకనుకు 78 బొమ్మలు. గంట నిడివికి 2,80,800. ప్రతి బొమ్మనూ స్కాన్ చేయాలి. దుమ్ము, గీత, చిరుగు తీయాలి. అదంతా ఏ పాత సినిమాకైనా ఉండే పనే. సినీరామాకు అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మూడు ఫిల్ములు మూడు తీర్లుగా వెలుస్తాయి. ఎడమ ఆకాశం ఒక నీలం, నడుమ ఆకాశం మరో నీలం అయితే చూసేవాడికి ఆకాశం కనబడదు, అతుకే కనబడుతుంది. ఫిల్ము కెమెరాలో నడిచేటప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటు వెంట్రుకవాసి కదులుతుంది. మూడింటినీ ఒక నిలకడకు తేవాలి. పక్క ముక్కలో సగం, నడుమ ముక్కలో సగం పడిన రోడ్డు అతుకు దగ్గర విరగకుండా వంపు సరిచేయాలి. ఆనాడు హాళ్లలో అతుకు కనిపించకుండా ప్రొజెక్టరు లోపల దువ్వెన పళ్లలాంటి తొడుగులను గబగబా ఆడించేవారు. దాంతో అతుకు మసకబారేదే గాని పోయేది కాదు. విడుదల నాటి ప్రేక్షకుడు చూడనంత శుభ్రంగా ఆ చిత్రాన్ని ఇవాళ మనం చూస్తున్నాం.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది మరొకటి ఉంది. చదును టీవీ కోసం ఆ బొమ్మను చదునుగా పరిచేసి ఊరుకోవచ్చు. అప్పుడు తిన్నని రోడ్డు వంకరగా, పక్కల మనుషులు సాగదీసినట్టుగా కనిపిస్తారు. ఆ బొమ్మ వంపు తెర కోసం పుట్టింది మరి. వీళ్లు స్మైల్‌బాక్స్ అనే పద్ధతి వాడారు. బొమ్మ నడుమ సన్నగా, కొసల దగ్గర ఎత్తుగా, వంపు తెర ముందు కూర్చున్నట్టే టీవీలో కనిపిస్తుంది. మొదట్లో వాయిద్య సంగీతం, నడుమ ఇంటర్వెల్, చివర జనం లేచి వెళ్లేటప్పటి సంగీతం కూడా తీసేయలేదు. ఫిల్మును కాపాడితే చాలనుకోలేదు వాళ్లు. ప్రేక్షకుడు కూర్చున్న సీటును కూడా కాపాడారు.

ఇంట్లో చూసేవాళ్లకు అనుభవం మీద ఒక మాట. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు నాలుగడుగులు. ఎనిమిదడుగుల దూరంలో సోఫా వేసుకుంటే కంటికి అందేది 28 డిగ్రీలే. మూడున్నర అడుగుల దగ్గరికి జరిగితే 60 డిగ్రీలు. చిన్నప్పుడు ‘టీవీకి దూరంగా కూర్చో’ అని తిట్లు తిన్నవాళ్లంతా ఈ ఒక్క సినిమాకు దగ్గరగా కూర్చోవచ్చు. కదలికను నున్నగా చేసే సెట్టింగు ఆపేయండి. ట్యూబులైటు తీసేయండి. ఇంటర్వెల్‌లో కాఫీ పెట్టండి. దాన్ని ఉంచింది అందుకే.

బెంగళూరుకు సినీరామా పరాయిది కాదు. మెజెస్టిక్ దగ్గర సుబేదార్ ఛత్రం రోడ్డులో 1968లో వెలసిన కపాలి థియేటరు వంపు తెరకు పేరుపడింది. ఐటీఐ ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చి దూరవాణినగరలో, కె.ఆర్.పురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు ‘కపాలిలో సినిమా’ అంటే సెలవు రోజు ప్రయాణం. ఆ హాలు 2017లో మూతపడింది. ఆ చోటే ఇప్పుడు మహేశ్ బాబు భాగస్వామిగా ఉన్న ఏఎంబీ మల్టీప్లెక్స్ లేచింది. ఆయన తండ్రి కృష్ణ 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగుకు తొలి సినిమాస్కోప్ ఇచ్చినవాడు. 1986లో ‘సింహాసనం’తో తొలి 70 మి.మీ. ఇచ్చిందీ ఆయనే. ‘సింహాసనం’కు 2026లోనే నలభై నిండాయి. ‘అల్లూరి సీతారామరాజు’ కోసం వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా చింతపల్లి అడవిని ఆ వెడల్పున పట్టుకున్నది మొదలు, తెలుగు తెరకు కూడా అంచులు ఏర్పడ్డాయి. ఒక తరం ఆ అంచులు తెగిన క్యాసెట్లలోనే ఆ సినిమాల్ని చూసింది.

బాగుచేయగల చేతులు మనకు లేవనలేం. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి.ప్రసాద్ పేర నిలిచిన సంస్థ పాత సినిమాల డిజిటల్ పునరుద్ధరణలో ప్రపంచమంతా తెలిసినది. స్కానిటీ అనే ఫిల్ము స్కానర్లు చేసే జర్మనీ కంపెనీ డీఎఫ్‌టీ కూడా ఆ కుటుంబపు చేతిలోకే వచ్చింది. అదే ఎల్.వి.ప్రసాద్ హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ నటించాడు: ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’. మూడింట్లో ఒక్కటీ ఇవాళ దక్కలేదు. యంత్రం ఉంది, పనివాడు ఉన్నాడు. డబ్బాలు సమయానికి చేరకపోతే ఇద్దరూ ఏమీ చేయలేరు. స్ట్రోమేయర్ చేతికి డబ్బాలు అందాయి కాబట్టే ‘సెవెన్ వండర్స్’కు డెబ్బయ్యో పుట్టినరోజు వచ్చింది.

కాబట్టి ఈ శుభవేళ వేరువేరుగా దీవెనలు. మూడు లెన్సుల ఊహ చేసిన వాలర్‌కు నమస్కారం. విమానం ముక్కున ఆ బరువైన కెమెరా కట్టుకుని ఎగిరిన పాల్ మాంట్జ్‌కు సాహో. స్ట్రోమేయర్‌కూ మార్చ్‌కూ, డబ్బాల్ని పారేయకుండా దాచిన పేరు తెలియని స్టోరుకీపర్లకూ మనసారా అభినందనలు. కె.ఆర్.పురం తెలుగువారికి ఒక విన్నపం: మీ అటక మీద తాతగారి 8 మి.మీ. రీళ్లో, పెళ్లి వీడియో క్యాసెట్లో ఉంటే ఈ వేసవిలోపు స్కాన్ చేయించండి. వధూవరుల్ని చూసుకోవడానికి ఫొటోలు ఉంటాయి. పందిరి అంచున నిలబడి కెమెరా వంక చూసిన పెద్దమ్మ ఆ రీలులోనే ఉంటుంది.