ఒక వయొలిన్, వెయ్యి ప్రాణాలు

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పుణ్యమా అని వయొలిన్ మన తెలుగువారికి పరాయి వాద్యం కాదు. అదే వాద్యాన్ని చేతబట్టి దేశదేశాలు తిరిగి, చివరికి సొంత ఊరంటూ లేకుండా కన్నుమూసిన ఒక యూదు కళాకారుని జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పేరు బ్రోనిస్లావ్ హ్యూబర్‌మన్. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా ఆయన బ్రతుకు మన సంఘాలను ఒక ప్రశ్న అడుగుతుంది.

హ్యూబర్‌మన్ 1882 డిసెంబరు 19న పోలెండులోని చెన్‌స్టొహోవా పట్టణంలో పుట్టాడు. ఆ ప్రాంతం అప్పట్లో రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పిల్లవాని ప్రతిభ చూసి తండ్రి పదేళ్ళకే బెర్లిన్ తీసుకువెళ్ళాడు. ఆ రోజుల్లో వయొలిన్‌కు పెద్ద దిక్కయిన యోసెఫ్ యోఆఖిమ్ ఆ బాలుని వాద్యం విని ఆశ్చర్యపోయాడు. అప్పటినుండి ఊరూరా కచేరీలే. ఆడుకోవలసిన వయసులో ఇంటిల్లిపాదినీ పోషించే బరువు ఆ చిన్న భుజాల మీద పడింది. పన్నెండేళ్ళకు వియన్నాలో ప్రఖ్యాత గాయని అడెలీనా పాటీ వీడ్కోలు సభలో వాయిస్తే, జనం ఆమెకంటే ఈ బాలుని గురించే ఎక్కువగా చెప్పుకున్నారు. మరుసటి ఏడాది 1896లో అదే నగరంలో బ్రామ్స్ రచించిన కచేరీని బ్రామ్స్ ఎదుటే వాయించాడు. ఆ వృద్ధ స్వరకర్త చలించిపోయాడు.

అంత చిన్నతనాన వచ్చిన కీర్తి ఆయనకు నెమ్మదినివ్వలేదు. పెళ్ళి చేసుకున్నాడు గాని, ఒక కుమారుడు పుట్టాక ఆ కాపురం నిలువలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరపు రక్తసిక్తం కావడం చూసి, వాయించడం మాత్రమే చాలదని తలచాడు. నడివయసులో కచేరీలు తగ్గించుకొని, పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా కూర్చున్నాడు. యూరపు దేశాలన్నీ ఒక్కటై శాంతితో బ్రతకాలని పుస్తకాలు రాశాడు, సభల్లో మాట్లాడాడు.

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. యూదు సంగీతకారులను వాద్యబృందాల నుండి వెళ్ళగొట్టసాగారు. అయితే పేరుమోసిన హ్యూబర్‌మన్‌కు తలుపు మూయలేదు. బెర్లిన్‌కు వచ్చి వాయించమని సుప్రసిద్ధ సంగీత నిర్వాహకుడు ఫుర్ట్‌వాంగ్లర్ స్వయంగా ఆహ్వానించాడు. ఆ పిలుపు అందుకొని ఉంటే డబ్బు, చప్పట్లు రెండూ దక్కేవి. కళకు రాజకీయాలతో పనేమిటని సమర్థించుకోవచ్చు కూడా. హ్యూబర్‌మన్ వెళ్ళలేదు. తనవంటి కొద్దిమందికి మినహాయింపు ఇచ్చి వేలమందిని తరిమివేసే చోట వాయించనని బహిరంగంగా జవాబిచ్చాడు. 1936లో ఇంగ్లండులోని మాంచెస్టర్ గార్డియన్ పత్రికలో జర్మనీ మేధావులకు మరో బహిరంగ లేఖ రాసి, వారి మౌనాన్ని ఎత్తిచూపాడు. ఆ మౌనంలో జర్మనీ సంఘాలకూ భాగముందని మనం దుఃఖంతో ఒప్పుకోవాలి.

నిరాకరించడంతోనే ఆయన ఆగిపోలేదు. ఉద్యోగాలు పోయిన వాద్యకారులను పోగుచేసి పాలస్తీనాలో ఒక వాద్యబృందం స్థాపించాలని సంకల్పించాడు. పని దొరికితే ప్రవేశానుమతి దొరుకుతుంది, అనుమతి దొరికితే ప్రాణం దక్కుతుంది. ఆ దేశం అప్పుడు బ్రిటిషువారి పాలనలో ఉండేది. వలస పత్రాలు లెక్కగట్టి ఇచ్చేవారు. హ్యూబర్‌మన్ అధికారుల చుట్టూ తిరిగాడు, ఉత్తరాలు రాశాడు, బ్రతిమాలాడు. వాద్యకారులకే కాక వారి కుటుంబాలకు కూడా పత్రాలు రావాలని పట్టుబట్టాడు. నిధుల కోసం అమెరికాలో కచేరీలు చేశాడు. ఆ పనిలో ఐన్‌స్టీన్ ఆయనకు తోడుగా నిలిచాడు.

ఆ ప్రయాణంలోనే 1936 ఫిబ్రవరి 28న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో ఆయన వేదికమీద వేరొక వయొలిన్ వాయిస్తుండగా, లోపలి గదిలో ఉంచిన స్ట్రాడివారి వయొలిన్‌ను దొంగ ఎత్తుకుపోయాడు. అది 1713లో చేసిన అమూల్యమైన వాద్యం. ఆయన బ్రతికి ఉండగా మళ్ళీ దొరకలేదు. దొంగిలించిన వాద్యకారుడు దాదాపు యాభై ఏళ్ళు దాన్ని తానే వాయించి, 1985లో చనిపోయేముందు తన భార్యకు నిజం చెప్పాడు. అయితే ఆ నష్టం హ్యూబర్‌మన్ పనిని ఆపలేదు.

ఎంపిక మాత్రం కఠినమైనది. ఒకరిని తీసుకోవడమంటే మరొకరిని కాదనడం. కాదనిపించుకున్నవారి గతి ఏమైందో తరువాతి చరిత్ర చెప్పింది. చివరకు 1936 డిసెంబరు 26న టెల్ అవీవ్‌లో తొలి కచేరీ జరిగింది. ఇటలీలో ముస్సోలినీ మనుషుల చేత దెబ్బలు తిన్నా తలవంచని టోస్కనీని పారితోషికం తీసుకోకుండా వచ్చి నడిపించాడు. ఆ రాత్రి కార్యక్రమంలో హ్యూబర్‌మన్ వయొలిన్ లేదు. వాద్యకారులు, వారి బంధువులు కలిపి దాదాపు వెయ్యిమంది ఆయన శ్రమవల్ల బ్రతికారని చరిత్రకారుల అంచనా. ఆ దేశం ఖాళీ నేల కాదని కూడా చెప్పుకోవాలి. అక్కడి అరబ్బులకు తమ రేపటిని గురించిన భయాలుండేవి, ఆ ఏడాదే వారి తిరుగుబాటు మొదలైంది. ఒకరి కన్నీరు చూసి మరొకరి కన్నీరు మరిచిపోకూడదు.

1937 అక్టోబరులో సుమత్రా దీవిలో ఆయన ఎక్కిన విమానం కూలింది. నలుగురు చనిపోయారు. తీగలమీద నాట్యమాడే ఆయన ఎడమచేయి విరిగింది. ఇక వాయించలేడని లోకం అనుకుంది. ఆయన పసివానిలా మళ్ళీ సాధన మొదలుపెట్టి, మరుసటి ఏడాది వేదిక ఎక్కాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలాన్ని అమెరికాలో గడిపి, 1947 జూన్ 16న స్విట్జర్లాండులో మరణించాడు. మరుసటి ఏడాది ఇజ్రాయేలు ఫిల్హార్మోనిక్‌గా పేరు మార్చుకున్న ఆ బృందం నేటికీ వాయిస్తోంది.

బబులోను నదుల ఒడ్డున చెరపట్టబడినవారు సితారాలను నిరవంజి చెట్లకు తగిలించి ఏడ్చారని 137వ కీర్తనలో చదువుతాము. హ్యూబర్‌మన్ అలాంటివారి చేతికి మళ్ళీ వాద్యమిచ్చాడు. రాజనగరులో తాను క్షేమంగా ఉన్నానని ఎస్తేరు ఊరుకుంటే ఆమె జనం ఏమయ్యేది? ఐగుప్తులో తన కడుపు నిండిందని యోసేపు కొట్లు తెరవకపోతే అన్నల గతి ఏమిటి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాలకు వలస అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ముంబయికో, పూణేకో బస్సెక్కిన కుటుంబాలు, తాళం వేసిన ఇళ్ళు, ముసలివాళ్ళ దగ్గర మిగిలిన పిల్లలు మన ఊళ్ళలో కొత్త కాదు. మనకు సువార్త తెచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలలో చాలామంది కూడా రష్యా విడిచి అమెరికా చేరిన వలస రైతు కుటుంబాలలోనివారే.

ఇప్పుడు మనలో కొందరికి తలుపులు తెరుచుకున్నాయి. హైదరాబాదులో ఉద్యోగమున్నవారు, విదేశాలకు వెళ్ళినవారు, నాలుగు ఆఫీసుల్లో మాట చెల్లేవారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఊరినుండి వచ్చిన పిల్లవానికి హాస్టల్లో సీటు కోసం ఒక ఫోను, కూలికి బకాయి ఇప్పించే ఒక మాట, అద్దె ఇంటికి ఒక హామీ, ఒక సంతకం. ఇవి మనకు చిన్నవి, అడిగేవారికి ప్రాణమంత పెద్దవి. అందరికీ చేయలేమన్నది నిజమే. హ్యూబర్‌మన్ కూడా అందరినీ రక్షించలేకపోయాడు. అందుకని ఆ వెయ్యిమందిని వదులుకోలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, మీ సంఘం నుండి వలస వెళ్ళిన కుటుంబాల పేర్లు ఒక కాగితం మీద రాయండి. వారు ఎక్కడున్నారో, వారి పిల్లలు చదువుతున్నారో లేదో కనుక్కోండి. ప్రార్థన చేయండి. ఆ తరువాత ఫోను చేయండి.